కార్ఖానాలో పిల్లులు – పదిమంది కలిసి చేయవలసిన పోషణ

నేతగాళ్ల పత్రికలో పిల్లుల ప్రసక్తి ఏమిటని పాఠకులలో కొందరికి తోచవచ్చును. నూలు ధర, రంగుల ధర, కూలిరేట్లు, సంఘం బాకీలు ఇన్ని ఉండగా పిల్లుల మాట ఎందుకని అడగవచ్చును. కాని మగ్గం ఉన్నచోట గంజి ఉన్నది. గంజి ఉన్నచోట ఎలుక ఉన్నది. ఎలుక ఉన్నచోటికి పిలవకుండానే పిల్లి వస్తున్నది. షోలాపురంలో చద్దర్లు, తువాళ్లు నేసే కార్ఖానాలలోను, బరంపురంలో పట్టుమగ్గాల ఇళ్లలోను, సేలంలోను, యానాంలోను, మనవారు ఎక్కడ మగ్గం దింపినా ఈ మూడూ వెంట వస్తూనే ఉన్నవి. అందుచేత ఈ విషయం మన పనికి బయటిది కాదు.

ఒక్క రాత్రి ఎలుక పడుగులో దూరితే ఎన్ని పోగులు తెగునో, వాటిని అతుకుటకు ఎన్ని గంటలు పట్టునో, ఆ గంటలకు కూలి ఎవరూ ఇవ్వరనీ మన కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే మన పెద్దలు పిల్లిని మగ్గాల దాపున ఉండనిచ్చారు. అయితే ఉండనిచ్చుట వేరు, దాని మంచిచెడ్డలు చూచుట వేరు. ఇప్పుడు చాలా కార్ఖానాలలో పిల్లులు ఉన్నవి గాని వాటి బాధ్యత ఎవరిదీ కాదు. ఆ బాధ్యతను కార్ఖానాలోని పదిమంది ఎట్లు పంచుకోవలెనో చెప్పుటకే ఈ వ్యాసం.

మచ్చికైన పిల్లి, మచ్చిక లేని పిల్లి

పిల్లులన్నీ ఒకటి కావు. ఇంటిలో పుట్టి, మనుష్యుల చేతిమీద పెరిగిన పిల్లి ఒళ్లో కూర్చుండును. కార్ఖానా గోదాములో నూలు బేళ్ల చాటున పుట్టి, మనిషి చెయ్యి ఎరుగకుండా పెరిగిన పిల్లి మనం దగ్గరకు పోగానే పారిపోవును, పట్టుకొనబోతే కరుచును. పిల్లికూనకు సుమారు రెండవ వారం మొదలు ఏడవ వారం వరకు మనుష్యులు అలవాటయ్యే కాలం. ఆ రోజులలో రోజూ చేతిలోకి తీసుకున్న కూన మచ్చికగును. ఆ కాలం దాటిపోయి పెద్దదైన పిల్లిని ఇంటిపిల్లిగా మార్చుట మిక్కిలి కష్టం. దానిని ఉన్నచోటనే ఉంచి, దూరం నుండి పోషించుటే దానికీ మనకూ మేలు. కూనలకు మాత్రం సకాలంలో మంచి ఇల్లు చూడవచ్చును.

పదిమంది ఉన్నా జరగని పని

పదిమంది చేరితే పాము చావదని మన సామెత. కార్ఖానా పిల్లుల విషయంలో జరుగుతున్నది అదే. పొద్దున కండెలు చుట్టే అక్కగారు ఇంత అన్నం పెట్టును. పదిగంటలకు టీ కుర్రవాడు పాలు పోయును. మధ్యాహ్నం సద్ది విప్పినవారందరూ తలా ఒక ముద్ద విసురుదురు. రాత్రి షిఫ్టువారికి ఈ సంగతి తెలియదు గనుక వారు మళ్లీ పెట్టుదురు. మిగిలినది అక్కడే పడి ఉండి, పిల్లి తినగా వదలినదానిని ఎలుకే తినును! ఎలుకను పోగొట్టుటకు ఉంచుకున్న పిల్లి పేరుతో ఎలుకకే విందు చేసినట్లగును.

ఇక వారపు సెలవునాడు, దీపావళి నాలుగు రోజులు, మార్కండేయ రథోత్సవం నాడు కార్ఖానాకు తాళం పడును. ఆ రోజులలో ఒక్కరూ రారు. పెట్టే చేతులు ఇరవై ఉన్న చోటనే పిల్లి పస్తు పడును. దానికి జబ్బు చేస్తే ఇరవైమందీ అయ్యో అందురు. పశువైద్యశాలకు తీసుకుపోవునది మాత్రం ఎవరు? ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. అందరికీ దయ ఉన్నది, ఏర్పాటు లేదు. అంతే లోపం.

తరిమితే పోవునా?

కొన్నిచోట్ల యజమానులు విసిగి, పిల్లులను గోనెసంచిలో కట్టించి దూరాన వదలి రమ్మందురు. దీనివలన రెండు నష్టములు. తెలియని చోట వదలిన పిల్లి తిండీ దాపూ దొరకక, కుక్కల వాతనో బండ్ల కిందనో పడును. రెండవది, ఇక్కడ తిండీ, ఎలుకలూ, వెచ్చని మూలలూ అట్లే ఉన్నవి గనుక కొంతకాలానికి వేరే పిల్లులు వచ్చి ఆ ఖాళీలో చేరును. పని మళ్లీ మొదటికి వచ్చును.

అసలు చిక్కు సంతానంలో ఉన్నది. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. మోసే కాలం సుమారు 9 వారాలు. ఈతకు మూడు నుండి ఐదు కూనలు సామాన్యం. సంవత్సరానికి రెండు ఈతలు, ఒక్కొక్కప్పుడు మూడు. ఈ లెక్కన ఒక ఆడపిల్లి ఏడాదిలో ఎనిమిది కూనలను ఈనిందనుకుంటే, అందులో సగం ఆడవైతే, మరుసటి ఏడు ఈనేవి ఐదు. ఈ కూనలలో చాలా భాగం జబ్బుతోను, ఆకలితోను, మరమగ్గాల కింద నలిగియు చనిపోవుచున్నవి. చూచి చూచి మనస్సు మొద్దుబారుట కంటె, పుట్టుకనే అదుపు చేయుట దయగల పని. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి తిరిగి అదే చోట వదలుట ఒక్కటే దీనికి నిలిచే మార్గం.

ఇతరచోట్ల జరిగినది

పనిస్థలంలో పిల్లులను ఉంచుట కొత్తది కాదు. 1745లో రష్యా సామ్రాజ్ఞి ఎలిజబెత్ తన రాజభవనంలో ఎలుకలు పెరిగినవని కజాను నగరం నుండి పిల్లులను పంపవలసిందిగా ఆజ్ఞ జారీ చేసినది. ఆ భవనం ఉన్న చోటు నేడు హెర్మిటేజ్ అనే ప్రసిద్ధ మ్యూజియంలో భాగం. అక్కడి నేలమాళిగలలో ఇప్పటికీ పిల్లులు ఉన్నవి, సిబ్బందియు స్వచ్ఛంద సేవకులును వాటిని చూచుకొందురు. 1868లో లండన్‌లోని మనియార్డరు ఆఫీసులో మూడు పిల్లులకు వారానికి ఒక షిల్లింగు బత్తెం మంజూరైనది. అనగా పిల్లి పోషణ కూడా లెక్కలో రాయదగిన పనియే.

మనకు ఎక్కువగా ఉపయోగపడే ఉదాహరణ అమెరికాలోని సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయం. ఆ ఆవరణలో మచ్చిక లేని పిల్లులు ఎక్కువకాగా, 1991 నుండి స్వచ్ఛంద సేవకులు వాటిని బోనులతో పట్టి, శస్త్రచికిత్స చేయించి, వదలుచు వచ్చారు. మచ్చికైనవాటికి ఇళ్లు చూచారు. పదకొండు సంవత్సరాల లెక్కను 2003లో ఒక పశువైద్య పత్రికలో ప్రకటించారు. మొత్తం 155 పిల్లులు వారి పట్టీలోకి ఎక్కినవి. వాటిలో దాదాపు సగం ఇళ్లకు చేరినవి. 1995 తరువాత ఆ ఆవరణలో కూనలు పుట్టలేదు. 2002 నాటికి మిగిలినవి 23 మాత్రమే. ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఇది ఒక్క నెల ఉత్సాహం వలన జరిగినది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లినీ గుర్తించి, ఏళ్ల తరబడి పట్టీ రాసుకున్నందువలన జరిగినది.

పిల్లి ఎంత పని చేయును?

పిల్లి ఉన్నది గదా, ఇక ఎలుకల దిగులు లేదని నూలును నేలమీద పడవేయరాదు. న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక వ్యర్థపదార్థాల కేంద్రంలో శాస్త్రజ్ఞులు 79 రోజులు కెమెరాలు పెట్టి చూడగా, పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే. అయితే పిల్లి తిరిగే వేళ ఎలుకలు బయటకు వచ్చుట తగ్గినది. ఈ ఫలితం 2018లో వెలువడినది. కనుక పిల్లి చుంచులను పట్టును, ఎలుకలను బెదరించును. పందికొక్కును ఎదిరించుట మాత్రం దానికి కష్టమే. కన్నాలు పూడ్చుట, గంజి పిండిని మూతగల డబ్బాలో ఉంచుట, పడుగులను ఎత్తుగా వేలాడదీయుట, రాత్రి ఎంగిలి లేకుండా ఊడ్చుట అనేవి మనం చేయవలసినవే. పిల్లికి తిండి పెడితే వేట మానునన్న భయం కూడా అక్కరలేదు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడును. అది దాని స్వభావం.

ఏర్పాటు ఎట్లు చేసుకొనవలెను?

మొదటిది పట్టీ. ఒక నోటుబుక్కు తీసుకొని కార్ఖానాలోని ప్రతి పిల్లికి ఒక పేజీ కేటాయించవలెను. రంగు, మచ్చలు, ఆడదో మగదో, ఎక్కడ పడుకొనును, శస్త్రచికిత్స అయినదా, టీకా ఎప్పుడు వేయించారు అన్నవి రాయవలెను. శస్త్రచికిత్స అయిన పిల్లికి మత్తులో ఉండగానే వైద్యులు ఒక చెవి కొనను కొద్దిగా కత్తిరించుట ఆనవాయితీ. దూరం నుండి చూచినా తెలియును గనుక ఆ పిల్లిని రెండవసారి పట్టే బాధ తప్పును.

రెండవది వంతులు. వారానికి ఏడు రోజులకు ఏడుగురు, సెలవురోజులకు వేరుగా ఇద్దరు. కార్ఖానాకు దగ్గరగా ఇల్లున్నవారిని, రాత్రి కావలివానిని సెలవుదినాల వంతుకు పెట్టుకొనుట మంచిది. ఎవరైనా ఊరికి పోవలసివస్తే తన వంతును మరొకరికి ఒప్పచెప్పి, పట్టికలో ఆ పేరు రాయించి పోవలెను. పని మానుకొని వేరే ఊరు పోయేవారికి కూడా ఇదే నియమం. వంతులేనివారు ఎంత ప్రేమ ఉన్నా ఆ రోజు పెట్టరాదు. ఇది కొంచెం కఠినంగా కనపడినా, దీని మీదనే మిగతా ఏర్పాటంతా నిలిచి ఉన్నది.

మూడవది చోటు, వేళ. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, ఒకే చోట పెట్టవలెను. ఆ చోటు మగ్గాలకు, రంగుల తొట్లకు, పిల్లలు ఆడే చోటికి దూరంగా ఉండవలెను. అరగంట తరువాత మిగిలినదానిని తీసివేసి గిన్నె కడగవలెను. మంచినీళ్లు మాత్రం ఎల్లవేళలా ఉండవలెను. వేళ కుదిరితే పిల్లులన్నీ ఒకేసారి కనపడును. ఏది రాలేదో, ఏది కుంటుచున్నదో వంతువారికి వెంటనే తెలియును.

నాలుగవది తిండి. పిల్లి మాంసాహారి. ఉత్త పెరుగన్నంతో దాని శరీరం నిలువదు. చేపలు, కోడిమాంసం, గుడ్డు వంటివి కొంతైనా కావలెను. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరుగక విరేచనాలు పట్టును. నీచు ముట్టనివారు మన సంఘంలో అనేకులు ఉన్నారు. వారు నీళ్ల వంతు, లెక్కల వంతు, వైద్యశాల వంతు తీసుకొనవచ్చును. చేతికి తగిన పని ప్రతివారికీ ఉన్నది.

ఐదవది నిధి. ఇరవైమంది ఉన్న కార్ఖానాలో ఒక్కొక్కరు వారానికి 10 రూపాయలు వేసినచో నాలుగు వారాలకు 800 రూపాయలగును. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం మరొకరి దగ్గర ఉండవలెను. నెలకొకసారి జమాఖర్చులు అందరి ఎదుట చదవవలెను. చందా వేయనివారిని నిందించరాదు. ఇష్టంలేని చోట దండిన రూపాయి మరునాడు తగవై తిరిగి వచ్చును.

ఆరవది శస్త్రచికిత్స. ముందుగా పశువైద్యునితోనో జంతు సంక్షేమ సంఘంతోనో మాట్లాడి రోజు నిర్ణయించుకొనవలెను. ఆ వేళకు ఒకటి రెండు రోజుల ముందు తిండి తగ్గించి, బోనులో పెట్టిన తిండికి పిల్లి వచ్చునట్లు చేయవలెను. పట్టిన వెంటనే బోనుపై ముదురురంగు దుప్పటి కప్పితే పిల్లి నిమ్మళించును. మన ఇళ్లలో దుప్పట్లకు కొదువలేదు గదా! వట్టిచేతులతో పట్టుకొనబోవుట ఎంతమాత్రం తగదు. తల్లి పాలిచ్చుచున్నదేమో చూచి వైద్యునికి తప్పక చెప్పవలెను. అందరూ కలిసి తక్కువ కాలంలో ఉన్న పిల్లులన్నిటికీ చేయించితేనే ఫలం. సగం వదలిపెడితే ఆ సగమే మళ్లీ కార్ఖానా నింపును. ఆ రోజుననే కుక్కకాటు జబ్బు రాకుండే టీకా కూడా వేయించవలెను.

మన వృత్తిలో పిల్లికి గల అపాయాలు

ఇతర పనిస్థలాలలో లేని అపాయం ఒకటి మన దగ్గర ఉన్నది. అది దారం. పిల్లి నాలుక మీది ముళ్లు వెనుకకు వంగి ఉండును. ఆటగా నోట పెట్టుకున్న పోగు వెలుపలికి రాక లోపలికే పోవును. దారం ఒక కొన నాలుక కింద చిక్కి, రెండవ కొన పేగులలోకి దిగితే, పేగులు దారం మీద కుచ్చెళ్లవలె ముడుచుకొని కోసుకుపోవును. పిల్లి వాంతులు చేసుకొని, తిండి మాని, కొద్దిరోజులలో చనిపోవును. నోటినుండి గాని వెనుకనుండి గాని దారం వేలాడుచున్నట్లు కనపడితే దానిని ఎట్టి పరిస్థితిలోను లాగరాదు. లాగితే పేగు తెగును. వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవలెను. తెగిన పోగులను, చిక్కునూలును మూతగల బుట్టలో వేయుట ప్రతి నేతగాని అలవాటు కావలెను.

రెండవది విషం. ఎలుకలమందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పిల్లి సులువుగా పట్టి తినును. ఆ విషం పిల్లికీ ఎక్కును. పిల్లులున్న కార్ఖానాలో మందు పెట్టరాదు. బోనులే మేలు. మూడవది రంగుల గది. కాస్టిక్ సోడా, బ్లీచింగు పొడి, రంగునీళ్లు కాలికి అంటితే పిల్లి నాకి శుభ్రం చేసుకొనును. నోరు, గొంతు పుండ్లగును. రంగుల గది తలుపు మూసి ఉంచవలెను. నాలుగవది మనిషి మందు. జ్వరానికి మనం వేసుకొనే పారాసెటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకం. మన మందులేవీ దానికి వేయరాదు. ఐదవది, పొద్దున మరమగ్గం నడుపుటకు ముందు కిందను, మగ్గం గుంటలోను ఒకసారి చూచుకొనవలెను. కూనలను తల్లి చీకటి మూలలలోనే దాచును.

మన ఆరోగ్యం

పిల్లి కరిచినా రక్కినా ఉపేక్షించరాదు. కుక్కకాటు జబ్బు పిల్లి వలన కూడా వచ్చును; లక్షణాలు బయటపడిన తరువాత ఆ జబ్బు నుండి బతుకుట దాదాపు లేదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టవలెను. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజున, తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేయుదురు. ఒక్కటి వేయించి మిగతావి మానుట ప్రమాదం. పసుపు, కారం, సున్నం గాయంపై పూయరాదు.

గర్భిణీ స్త్రీలు పిల్లి మలమున్న చోటు శుభ్రం చేయరాదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. ఆ క్రిమి బయటపడిన తరువాత ఒకటి నుండి ఐదు రోజులకు గాని అంటే శక్తి పొందదు. కనుక ఇతరులు రోజూ శుభ్రం చేస్తే అపాయం చాలా తగ్గును. అందరూ చేతులు కడుక్కొని సద్ది విప్పుట సరిపడు జాగ్రత్త.

చట్టం

జంతువులను హింసించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఈ చట్టానికి మూలమైన బిల్లును 1953లో రాజ్యసభలో ప్రవేశపెట్టినవారు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. కళాక్షేత్రంలో నేత విభాగం నెలకొల్పి, పాత కంచి చీరల పోకడలకు మళ్లీ ప్రాణం పోసినది కూడా ఆమెయే అని మన నేతకుటుంబాలు గుర్తుంచుకొనదగినది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువును దురుద్దేశంతో చంపుట, అంగవైకల్యం కలిగించుట శిక్షార్హం. ఐదు సంవత్సరాల వరకు ఖైదు విధించవచ్చును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి జంతువులకు తిండి పెట్టే చోటును, వేళను కుదిర్చే పని నివాస సంఘాలకు అప్పగించినవి. కార్ఖానాలకు కూడా ఇదే పద్ధతి అనుకూలం.

ఇష్టంలేనివారితో

ప్రతి కార్ఖానాలోను పిల్లి అంటే గిట్టనివారు కొందరుందురు. ఒకరికి శకునం పట్టింపు, ఒకరికి ఉబ్బసం, ఒకరికి పట్టుబట్టపై వెంట్రుకలు పడునన్న దిగులు. ఇవి కొట్టిపారవేయదగిన మాటలు కావు. నెల మీటింగులో వారి మాట ముందుగా వినవలెను. బట్ట మడతలుపెట్టే గదికి జాలీ తలుపు వేయించుట, తిండి చోటును వారి మగ్గానికి దూరంగా మార్చుట వంటివి నిధి నుండే చేయవలెను. శస్త్రచికిత్స తరువాత రాత్రిపూట అరుపులు, పోట్లాటలు, మూత్రపు కంపు చాలావరకు తగ్గును గనుక, పిల్లి గిట్టనివారికి కూడా ఈ ఏర్పాటే ఎక్కువ మేలు. ఈ సంగతి వారికి నెమ్మదిగా చెప్పినచో ఒప్పుకొందురు.

సోదర సోదరీమణులారా, పడుగు ఒకరు తోడి, కండె ఒకరు చుట్టి, మగ్గం మీద మరొకరు కూర్చుంటేనే బట్ట తయారగుచున్నది. ఇంటిల్లిపాదీ పని పంచుకొనుట మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ తెలివినే ఈ చిన్న పనికి కూడా వినియోగించవలెనని మా మనవి. వచ్చే నెల మీటింగులో ఒక నోటుబుక్కు తెరిచి, ఉన్న పిల్లులెన్నో రాసి, సెలవుదినాల వంతుకు ఇద్దరి పేర్లు ముందుగా అడగండి. ఆ రెండు పేర్లు దొరికినచో మిగతావి వాటంతట అవే కుదురును.